లేబర్‌లో వాటానా, ఖాయమైన జీతమా?

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో గేర్ సైకిళ్ల వర్క్‌షాపులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు సీనియర్ మెకానిక్‌ని. మొత్తం ఎనిమిది మందిమి. జీతం 34,000. యజమాని రెండు దారులు చూపారు: నెలకు 40,000 ఖాయం, లేదా 25,000తో పాటు నా పేరున పడే లేబర్ (మరమ్మతు కూలి) బిల్లుల్లో 20 శాతం. డిసెంబరులో నా బిల్లులు 82,000, జూలైలో 41,000. పీఎఫ్ లేదు. ఇంటి ఖర్చు 27,000, బ్యాంకులో 4.2 లక్షలు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలి?

జవాబు: రెండు దారులూ సమానం కావాలంటే నెలకు 75,000 రూపాయల లేబర్ మీ పేరున పడాలి, 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు దాదాపు 2,900. మీ లెక్క ప్రకారమే డిసెంబరులో వాటా పద్ధతిలో 41,400 వస్తుంది, అంటే 1,400 లాభం. జూలైలో 33,200 వస్తుంది, అంటే 6,800 నష్టం. మంచి నెలలో వచ్చేది కొద్ది, వానాకాలంలో పోయేది ఎక్కువ అన్నమాట.

అయితే నన్ను ఆలోచింపజేసింది ఈ అంకెల కంటే మీ పని స్వభావం. పెడల్ తొక్కితే కిర్రుమంటోందని ఒకరు సైకిల్ తెస్తారు. కుర్రవాడు బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు) విప్పబోతుంటే మీరు ఆపి, సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) బయటికి తీసి, తుడిచి, కాస్త గ్రీజు రాసి బిగిస్తారు, శబ్దం పోతుంది. షాపుకు గంట పని ఆదా అయింది, కస్టమర్‌కు నమ్మకం కుదిరింది, మీ పేరున మాత్రం బిల్లు లేదు. కొత్తవారికి వీల్ బెండు తీయడం నేర్పినా, వారు సర్వీసు చేసిన సైకిల్‌ను డెలివరీకి ముందు మరోసారి చూసినా అంతే. వాటాకు ఒప్పుకుంటే సీనియర్‌గా చేసే పనికి కూలి లేకుండా పోతుంది, జూనియర్లతో సర్వీసుల కోసం పోటీ పడవలసి వస్తుంది. అందుకే 40,000 ఖాయం తీసుకోండి. ఇంకా బేరమాడే వీలుంటే, షాపు మొత్తం లేబర్ ఒక హద్దు దాటిన నెలల్లో చిన్న బోనస్ అడగండి. జీతం బ్యాంకు ఖాతాలో పడేలా, నియామక పత్రం చేతికి వచ్చేలా చూసుకోండి. రేపు ఇంటి రుణానికి వెళ్తే ముందు అడిగేవి అవే.

పీఎఫ్ ఇరవై మంది, గ్రాట్యుటీ పది మంది పనిచేసే చోటే తప్పనిసరి కనుక, ఎనిమిది మంది ఉన్న మీ షాపులో యజమానిని తప్పుపట్టలేము. ఆ లోటును మీరే పూడ్చుకోవాలి. అటల్ పెన్షన్ అనే ప్రభుత్వ పథకంలో నలభై దాటితే చేరనివ్వరు. ఇప్పుడు చేరితే నెలకు 1,318 రూపాయలు కడుతూ అరవై తర్వాత 5,000 పెన్షన్ పొందవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇది లేదు, కానీ కొత్త పన్ను విధానంలో మీ జీతంపై పన్ను పడదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ 5,000 బియ్యం, పప్పులకు సరిపోతే గొప్పే. కాబట్టి పెరిగిన 6,000లో మిగిలినదాన్ని పీపీఎఫ్ అనే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతాలో వేయండి. బ్యాంకులోని సొమ్ములో ఆరు నెలల ఖర్చు 1,62,000 ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా విడిగా ఉంచండి.

ఇక మీ ఆస్తి మీ చేతులే. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా తప్పక తీసుకోండి, కానీ అది ప్రమాదం వల్ల కలిగే మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే చెల్లిస్తుంది. చెయిన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) తగిలి వేలు తెగి రెండు నెలలు స్పానర్ పట్టలేకపోతే దాని నుంచి పైసా రాదు. తాత్కాలిక వైకల్యానికి వారానికింత అని చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా వేరే ఉంటుంది. దరఖాస్తులో వృత్తి దగ్గర మెకానిక్ అనే రాయండి. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు సూపర్‌వైజర్ అని రాయమన్నా ఒప్పుకోవద్దు, క్లెయిము తిరస్కరించడానికి ఆ ఒక్క మాట చాలు.