సండే స్కూల్ బాధ్యత చేతులు మారేటప్పుడు

హనుమకొండ

ప్రభువునందు ప్రియ సహోదరునికి,

వందనాలు. కాజీపేటలోని మీ సంఘంలో పందొమ్మిదేళ్లుగా సండే స్కూల్ సూపరింటెండెంటుగా ఉన్న టీచరమ్మగారు వచ్చే ఏడాది తప్పుకుంటానని చెప్పారనీ, ఆమె స్థానంలో ఒకరిని గౌరవ వేతనం మీద నియమించాలని పాస్టరేట్ కమిటీ అనుకుంటున్నదనీ, ఏర్పాట్ల భారం కార్యదర్శిగా మీ మీద పడిందనీ రాశారు. ఎవరిని తీసుకుంటే బాగుంటుందని అడిగారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. పందొమ్మిదేళ్లుగా ఆమె మనసులోనే ఉన్న వివరాలు ఆమె వెళ్లేలోపు కాగితం మీదికి ఎలా వస్తాయన్నది మొదటి ప్రశ్న.

నేను ఇరవై ఆరేళ్లు ఆ పని చేశాను. మొదటి రోజు నా చేతికి అందింది ఒక తాళంచెవుల గుత్తి మాత్రమే. నాకు ముందున్న టీచరుగారు కుటుంబంతో ఊరు మారారు. ఆ సంగతి పెద్దల ఆరాధనలో ప్రకటించారే గాని పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఆకుపచ్చ బీరువా తెరిస్తే ఫ్లానెల్ బోర్డు బొమ్మలన్నీ ఒకే అట్టపెట్టెలో కలిసిపోయి ఉన్నాయి, హాజరు పట్టీ ఎక్కడా కనబడలేదు. ఆ ఆదివారం ఒక పిల్లవాణ్ని లేపి కీర్తన చదవమన్నాను. వాడు బైబిలును ముఖానికి ఆనించుకుని నిలబడ్డాడు, నోట ఒక్క మాటా రాలేదు. ఇంగ్లీషు మీడియంలో చదివే వాడికి తెలుగు అక్షరాలు రావని మునుపటి టీచరుగారికి తెలుసు. అందుకే కంఠతా పట్టవలసిన బంగారు వాక్యం వాడి చేత అప్పజెప్పించుకునేవారు గాని ఎన్నడూ చదివించలేదట. తరగతి ముగిశాక వాడు నా దగ్గరికి వచ్చి, "పాత టీచర్ మా మీద కోపం వచ్చి పోయిందా?" అని అడిగాడు. ఆ తరువాత రెండు నెలల పాటు మందిరంలో వాడు కనబడలేదు.

అందుచేత మీలో ఒకరు వారానికి ఒక గంట మీ టీచరమ్మగారి దగ్గర కూర్చుని, ఆమె చెబుతుంటే ఒక పుస్తకంలో రాయండి. తీరిక దొరికినప్పుడు రాసి ఇవ్వమని ఆమెకే వదిలేస్తే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు. ఏ పాపకు వేరుశనగ పడదు, ఎవరిని తాతయ్య వచ్చి తీసుకెళ్తారు, చదవడానికి ఎవరు సిగ్గుపడతారు, క్రిస్మస్ నాటిక దుస్తులు ఎవరింట్లో దాచి ఉన్నాయి, వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) రోజుల్లో మజ్జిగ ఎవరు పంపుతారు: ఇలాంటివన్నీ ఆ పుస్తకంలోకి రావాలి. అయితే తల్లులు ఆమెను నమ్మి చెప్పుకున్న ఇంటి బాధలు రాయకూడదు. పిల్లల క్షేమానికి అవసరమైన ఒకటి రెండు మాటలుంటే, ఆ తల్లి అనుమతితో కొత్తవారికి నోటితో చెప్పాలి.

కాలం విషయంలో డిసెంబరును పూర్తిగా వదిలేయండి. మేడారం జాతర వచ్చే ఏడాదైతే ఆ వారాన్ని కూడా వదిలేయండి, ఆ రద్దీలో హాజరు ఎటూ పలచబడుతుంది. ఈస్టరు అయ్యాక ప్రకటించి, మే నెలలో వీబీఎస్‌ను పాతవారూ కొత్తవారూ కలిసి నడిపి, జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచి పిల్లలు పై తరగతులకు వెళ్లేటప్పుడు బాధ్యత మారిస్తే, ఆ మార్పు పిల్లలకు సహజంగా తోస్తుంది. కాజీపేటలో రైల్వే కుటుంబాల బదిలీలు కూడా ఆ వేసవిలోనే ఎక్కువ కాబట్టి పట్టీ ఎలాగూ కొత్తగా రాయవలసి ఉంటుంది. మీ పాస్టరు అయ్యగారికి అదే ఏడాది బదిలీ ఉండేటట్లయితే మాత్రం ఆమెను మరో ఏడాది ఉండమని బతిమాలండి. రెండు మార్పులు ఒకేసారి వస్తే పిల్లలు తట్టుకోలేరు.

ఇక మీరడిగిన ప్రశ్న. అంతకాలం ఒక్కరే నడిపిన చోట మొదట వచ్చినవారు ఏం చేసినా పాతవారితో పోలిక తప్పదు, చాలామంది ఏడాది తిరగకుండానే విసిగి మానేస్తారు. కాబట్టి మొదటి ఏడాది తాత్కాలికంగా ఒకరికి అప్పగించి, శాశ్వత నియామకానికి వారిని పరిగణించబోమని ముందే చెప్పండి. ఆ ఏడాదిలో తల్లిదండ్రులు, టీచర్లు, పిల్లలు తమకు నిజంగా ఏం కావాలో చెప్పగలుగుతారు. గౌరవ వేతనం ఎంత, వారానికి ఎన్ని గంటలు, సెలవు ఎవరిని అడగాలి, జవాబు అయ్యగారికి చెప్పాలా కమిటీకి చెప్పాలా అన్నవి కాగితం మీద పెట్టండి. జవాబు ఇద్దరికీ అంటే చివరికి ఎవరికీ కాకుండా పోతుంది. కమిటీ సభ్యుల బంధువులను తీసుకోవద్దు. ఎంత మంచివారైనా సరే, పొరపాటు జరిగినప్పుడు వారిని అడిగే నోరు ఎవరికీ ఉండదు.

ఎంత తెలిసినవారైనా ఒక్క పెద్దవారే పిల్లలతో గదిలో ఉండకూడదన్న నియమాన్ని మొదటి రోజు నుంచే అమలు చేయండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతున్నదని భయం కలిగినా పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. దాన్ని కమిటీలో సర్దుబాటు చేసుకునే హక్కు మనకు లేదు. పిల్లల సహాయవాణి 1098 నంబరును తరగతి గోడ మీద రాయించండి.

సంఖ్యాకాండము 27లో మోషే తాను బతికి ఉండగానే, యాజకుడైన ఎలియాజరు ఎదుట, సమాజమంతా చూస్తుండగా, తన తరువాత నాయకుడు కాబోయే యెహోషువ మీద చేతులుంచాడు. మీరూ అలాగే చేయండి, పిల్లల ముందే తాళంచెవులు చేతులు మారనివ్వండి. ప్రవక్తయైన సమూయేలు తన వీడ్కోలు మాటల్లో, తాను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా అని జనులనే అడిగాడు గనుక, కానుకల లెక్క కూడా ఆ వారమే చదివి సంతకాలు చేయించండి. ఆమె వెళ్తున్న కబురు మాత్రం పెద్దల ప్రకటనకు ముందే, ఆమె నోటితోనే, తరగతిలో పిల్లలకు తెలియాలి.

ఆమెకు నా మాటగా ఒకటి చెప్పండి. నేను తప్పుకున్నాక కూడా ప్రతి ఆదివారం వరండాలో కూర్చునేదాన్ని. పిల్లలు తరగతిలోకి వెళ్లకుండా నా చుట్టూ మూగేవారు, గుమ్మంలో కొత్త టీచరు సుద్దముక్క పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడేది. ఆమె ముఖం చూశాక, ఆరు నెలల పాటు తరగతుల వేళకు అటు వెళ్లడం మానుకున్నాను. అది నాకు చాలా కష్టమయింది. మీ టీచరమ్మగారికీ కష్టమవుతుంది కాబట్టి ఆ ఆరు నెలలు ఆమెను ఒంటరిగా వదలకండి, ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరు ఆమె ఇంటికి వెళ్లిరండి.

పుస్తకం సగమైనా రాయడం పూర్తయ్యాక ఏ శనివారమైనా తీసుకురండి, కలిసి చూద్దాం.

ప్రభువు సేవలో,
మీ అక్క