దుబ్బు మొదలు చూడరా

చిన్నోడా,

మూడెకరాలు కౌలుకి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు చేలోకి దిగుతున్నాడని ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే కదరా.

నారు, ఊడ్పులు నీకు తెలిసినవే. ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలించు. చోటు దండగంటే వినకు. యూరియా ఒకేసారి గుమ్మరించకు. విత్తనం ఇంకా కొనకపోతే ఎంటీయూ 1061 వరి రకం చూడు, రసం పీల్చే సుడిదోమని తట్టుకుంటుంది.

ఇవన్నీ చెప్పేది అందుకే, నా భయమంతా ఆ దోమ తెచ్చే దోమపోటు గురించే.

నీకింకా నడక రాని ఏడాది, సార్వాకి స్వర్ణ రకం వేశాను. చేను నల్లగా, ఏపుగా ఉంది. దుబ్బుకి నాలుగైదు దోమలు కనబడగానే కంగారుపడి, కొట్లో ఇచ్చిన పైరిథ్రాయిడ్ పురుగుమందు తెచ్చి ఆకుల మీద కొట్టేశాను. రెండు రోజులు దోమ లేదు. గెలిచాననుకున్నాను. మీ తాత చేలో దిగి దుబ్బు పాయదీసి, "సాలీళ్లేవిరా?" అన్నాడు. విసుక్కున్నాను. దోమని తినే సాలీళ్లూ, దాని గుడ్లు తినే పచ్చ మిరిడ్ నల్లులూ చచ్చి నీళ్లమీద తేలుతున్నాయి. దోమ గుడ్లు మాత్రం మందు తగలకుండా ఆకు తొడుగులో భద్రంగా ఉన్నాయి. అవి పొదిగాక అడ్డుకునేది ఏదీ మిగల్లేదు. మూడు వారాలకి చేను మధ్యలో మంచమంత మేర పైరు సుడిలా ఎండిపోయింది. వారం తిరిగేసరికి ఎకరం ఎండుగడ్డి అయింది. దుబ్బు పట్టుకుంటే చెయ్యి జిగట. కదిపితే గోధుమరంగు దోమలు నీళ్లలోకి రాలి, మళ్లీ మొదలుకి ఎగబాకేవి.

మీ పెద్దమ్మ గాజులు ఆ ఏడు తాకట్టుకెళ్లాయి, తిరిగి రాలేదు. తను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదిరా.

గట్టు మీద నిలబడి మురిసిపోకు. వారానికి రెండుసార్లు దిగు, దుబ్బు వంచి నీటిమట్టం దగ్గర చూడు. దోమ రసం పీల్చేది అక్కడే. దోమల్ని లెక్కపెట్టు, సాలీళ్లనీ లెక్కపెట్టు. దుబ్బుకి పది పదిహేను దోమలు దాటితే ముందు నీళ్లు తీసేసి చేను ఆరబెట్టు. మందు తప్పదంటే మార్టేరు వరి పరిశోధనా స్థానంలో అడిగి, వాళ్లు చెప్పిందే మొదళ్లు తడిసేలా కొట్టించు. రెండు మూడు కలిపి కొట్టావో, ముక్కుకి గుడ్డ లేకుండా కొట్టావో, నీతో మాట్లాడను.

డబ్బు తక్కువైతే వడ్డీకి వెళ్లకు, ముందు నాకు చెప్పు.

పిలకలు వేసేనాటికి వస్తాను. పెద్దమ్మ దిబ్బరొట్టె కాల్చి పంపుతానంటోంది. మోకాళ్లు నన్ను బురదలో దిగనివ్వవు. గట్టు మీద కూర్చుంటాను, నువ్వు దుబ్బు పాయదీసి ఎన్ని సాలీళ్లున్నాయో చెబుదువుగాని.

మీ పెదనాన్న