కాఫీ మానేశాక సాయంత్రం వేడిగా ఏం తాగాలి?

ప్రశ్న: సాయంత్రం ఆరింటికి ఒక్క కప్పు కాఫీ తాగినా రాత్రి పన్నెండు దాటితే గాని నిద్ర పట్టడం లేదు. షుగర్ కూడా హద్దు మీద ఉందన్నారు డాక్టరు గారు. గ్రీన్ టీకి మారితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

సరిపోదండీ. గ్రీన్ టీ కూడా తేయాకే, దాంట్లోనూ కెఫీన్ ఉంటుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే చాలామందికి ఐదు గంటల దాకా పడుతుంది. ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా సగం మిగిలే ఉంటుందన్నమాట. పైన ‘తులసి’, ‘అల్లం’ అని పెద్ద అక్షరాలతో ఉన్న టీ సంచుల్లోనూ తేయాకు ఉండొచ్చు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూసి కొనండి. బరువులో ఎక్కువ ఉన్నదాన్నే ఆ జాబితాలో ముందు రాస్తారు.

కాఫీ అలవాటున్నవాళ్లకు ధనియాల కాఫీ బాగా నప్పుతుంది. ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 20 గ్రాములు, మిరియాలు రెండు టీస్పూన్లు, సొంఠి 15 గ్రాములు, ఏలకులు పది తీసుకోండి. ధనియాల్ని మందపాటి మూకుట్లో సన్నని సెగ మీద ఆరేడు నిమిషాలు వేయించాలి. జీలకర్ర, మిరియాలు ఆఖరి నిమిషంలో వేయండి. జీలకర్ర ముందే వేస్తే మాడిపోతుంది. ఏలకులు వేయించనక్కర్లేదు. సొంఠిని రోట్లో నలగ్గొట్టాకే మిక్సీలో వేయండి. అన్నీ పూర్తిగా చల్లారాక రవ్వలా ఆడించాలి. వేడి మీద ఆడిస్తే ఆవిరికి పొడి ముద్దకడుతుంది. మరీ మెత్తగా ఆడిస్తే వడపోతలోంచి జారి గొంతులో గరగరలాడుతుంది.

150 మిల్లీలీటర్ల నీళ్లలో టీస్పూన్నర పొడి వేసి మూడు నిమిషాలు మరిగించి, దించి, రెండు నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. 50 మిల్లీలీటర్ల వేడిపాలు చాలు. ధనియాలు నల్లబడేదాకా వేయిస్తే చేదెక్కుతుంది, ఆ చేదు చంపడానికి చెయ్యి చక్కెర డబ్బా మీదికి పోతుంది. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగం కథ ఇదే: తయారీలో జరిగిన పొరపాటును తీపితో కప్పుతున్నాం. వేపుడు సరిగ్గా కుదిరితే అర చెంచా చక్కెర కూడా అడగదు.

కాఫీ రంగు, ఆ కాస్త చేదు కావాలంటే పావు టీస్పూన్ చికోరీ కలుపుకోండి. చికోరీ ఒక మొక్క వేరు, దాంట్లో కెఫీన్ లేదు. అంగట్లో ‘చికోరీ కాఫీ’ అని అమ్మేది మాత్రం కాఫీతో కలిపిన పొడి. వట్టి చికోరీ కావాలని అడిగి తీసుకోండి.

ప్రశ్న: అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నాయి. బెల్లం వేసినప్పుడైతే మరీను. బెల్లం ఎంత వేసుకున్నా షుగర్‌కు ఫర్వాలేదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

పచ్చి అల్లంలో మాంసకృత్తుల్ని కోసే ఎంజైమ్ ఒకటి ఉంది. బాగా వేడెక్కి ఇంకా మరగని పాలలో అది చురుగ్గా పనిచేస్తుంది, పాలు విరుగుతాయి. అందుకని ముందు అల్లాన్ని నీళ్లలో మరిగించాలి. కప్పుకు అంగుళం ముక్క దంచి, 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఐదు నిమిషాలు తెర్లనివ్వండి. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత, విడిగా కాచిన పాలు పోయండి. రెండూ వేడిగానే ఉండాలి. పాలు నిన్నటివైతే అల్లం లేకపోయినా విరగొచ్చు, ఆ నేరం అల్లం మీద వేయకండి.

బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలలో వేస్తే అది చాలు విరగడానికి. దించి, రెండు మూడు నిమిషాలు ఆగి కలపండి. ఇక షుగర్ సంగతి. పది గ్రాముల బెల్లంలో ఎనిమిది, తొమ్మిది గ్రాములు చక్కెరే. తాటిబెల్లమైనా, తేనె అయినా షుగర్ ఉన్నవాళ్లు లెక్కలోకి తీసుకోవలసిందే. ‘ఎంతైనా’ అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

తీపి కోసం అతిమధురం వేసుకునేవాళ్లూ ఉన్నారు. బీపీ ఉంటే దాని జోలికి పోకండి. రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది.

ప్రశ్న: పసుపు పాలు పచ్చివాసన వేస్తున్నాయి, అడుగున మడ్డి దిగుతోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

పసుపు ఆఖర్న వేస్తున్నట్టున్నారు. కప్పుకు పావు టీస్పూన్ పసుపును రెండు చెంచాల పాలలో ముందు ముద్దగా కలిపి, ఆ ముద్దను 150 మిల్లీలీటర్ల పాలలో వేసి సన్నని సెగ మీద నాలుగు నిమిషాలు కాచండి. మీగడ తీయని పాలు మంచివి, ఎందుకంటే పసుపులోని కర్క్యుమిన్ కొవ్వులోనే కరుగుతుంది. రెండు మిరియాలు దంచి వేస్తే అది ఒంటికి ఇంకా బాగా పడుతుంది. అయినా కాస్త మడ్డి దిగుతుంది, వడకట్టుకోవడమే. దుగ్గిరాల పసుపు యార్డు మీకు దగ్గరే కదా, కొమ్ములు తెచ్చి ఆడించుకుంటే వాసనలో తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: పిల్లలకు రాత్రిపూట చాక్లెట్ మాల్ట్ పొడి ఇస్తున్నాం. దాంట్లో కాఫీ లేదు కదా?
– ఒక తల్లి, మంగళగిరి

కాఫీ లేదు గాని కోకో ఉంది. కోకోలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది. అంతకంటే పట్టించుకోవలసింది చక్కెర. డబ్బా మీద 100 గ్రాములకు ఎంతో చూసి, మీరు వేసే చెంచాల్ని వంటింటి తక్కెడలో ఒక్కసారి తూచి లెక్కగట్టండి. ‘చక్కెర కలపలేదు’ అని ఉన్నచోట మాల్టోడెక్స్‌ట్రిన్ ఉందేమో చూడండి. అది నాలుకకు తియ్యగా తగలదు గాని రక్తంలో చక్కెరను గబగబా పెంచుతుంది.

బదులుగా రాగిజావ పెట్టండి. రెండు టేబుల్‌స్పూన్ల పిండిని అర గ్లాసు చన్నీళ్లలో ముందు కలిపి, గ్లాసు మరిగే నీళ్లలో పోస్తూ ఆపకుండా తిప్పాలి. పొడి పిండి నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండ పైపొర ఉడికి గట్టిపడుతుంది, లోపల పిండి పచ్చిగానే ఉండిపోతుంది. చిక్కబడగానే దించేయకండి, ఇంకో ఐదు నిమిషాలు ఉడికితేనే పచ్చివాసన పోతుంది. దించాక పాలు, చిటికెడు ఏలకుల పొడి చాలు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలు మాత్రం రాగి కూడా పిండిపదార్థమేనని గుర్తుంచుకుని, ఆ పూట తిండిలో అంత మేర తగ్గించుకోవాలి.

ప్రశ్న: తీపి లేని వేడి పానీయం ఏదైనా ఉందా? కషాయాలు తాగలేను.
– ఒక పాఠకుడు, కృష్ణలంక, విజయవాడ

ఉలవకట్టు తాగండి. చలికాలం సాయంత్రానికి దాన్ని మించింది లేదని మా గట్టి అభిప్రాయం. విందుల్లో వడ్డించే ఉలవచారు దీన్ని మరిగించి, చింతపండు వేసి చిక్కబరిచినదే. కప్పులో తాగడానికి అంత అక్కర్లేదు. 100 గ్రాముల ఉలవలు రాళ్లు ఏరి కడిగి, పది గంటలు నానబెట్టి, లీటరు నీళ్లతో కుక్కర్లో సన్నని సెగ మీద నలభై నిమిషాలు ఉడికించండి. వంచిన కట్టులో అర టీస్పూన్ మిరియాలు, అర టీస్పూన్ జీలకర్ర దంచి వేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు నలిపి, ఐదు నిమిషాలు మరిగించాలి. నలుగురికి వస్తుంది. పలచగా, చప్పగా ఉందంటే ఉలవలు సరిగా ఉడకలేదన్నమాట. గింజను వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి. ఉప్పు దించే ముందు వేయండి, లీటరు మొత్తానికి ముప్పావు టీస్పూన్ దాటనివ్వకండి. బీపీ ఉంటే ఇంకా తగ్గించి నాలుగు చుక్కలు నిమ్మరసం పిండుకోండి. మిగిలిన గింజల్ని పారేయకుండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గుగ్గిళ్లు చేసుకోవచ్చు.