రింగుల ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లోపల వాక్యూమ్ ఉండే ప్రెజర్ వెసెల్ (ఒత్తిడిని తట్టుకునేలా కట్టే ట్యాంకు) షెల్, అంటే దాని గుండ్రటి గోడ, బక్లింగ్ కాకుండా (సొట్టపడి నలిగిపోకుండా) చుట్టూ స్టిఫెనర్ రింగులు వేయడం నా ప్రాజెక్టు. రివ్యూలో "రింగులెందుకు, ఇంకా బలమైన స్టీలు వాడొచ్చుగా?" అని అడిగితే నోరు పెగల్లేదు. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారు. ఇది పట్టుకుంటే కెరీర్ ఉంటుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రేపు ఇంటర్వ్యూలోనూ మీకు ఎదురయ్యేది ఆ ప్రశ్నే. ముందు దాని సంగతి చూద్దాం.

లోపలి ఒత్తిడికి షెల్ సాగుతుంది. అక్కడ స్టీలు బలం పనికొస్తుంది. మీ వెసెల్ లోపల వాక్యూమ్ కాబట్టి దాన్ని నొక్కేది బయటి గాలి ఒత్తిడి. బయటి ఒత్తిడికి మాత్రం పల్చటి షెల్, స్టీలు ఈల్డ్ కాకముందే (శాశ్వతంగా రూపం మారకముందే) ఒక్కసారిగా సొట్టపడి నలిగిపోతుంది. దాన్ని ఆపేవి ఎలాస్టిక్ మాడ్యులస్ (లోహం బిగువు, అంటే ఎంత బలానికి ఎంత సాగుతుందనే లెక్క), షెల్ కొలతలు. మామూలు కార్బన్ స్టీలుకైనా, ఖరీదైన హై స్ట్రెంగ్త్ స్టీలుకైనా మాడ్యులస్ సుమారు 200 గిగాపాస్కల్సే. గ్రేడు పెంచితే ఖర్చు పెరుగుతుంది, అంతే. (షెల్ బాగా మందంగా ఉంటే ఈల్డ్ కూడా లెక్కలోకి వస్తుంది. అడక్కముందే మీరే ఆ మాట చెప్పండి, మంచి మార్కులు పడతాయి.)

ఇక మన చేతిలో మిగిలేవి మందం, సపోర్టుల (షెల్ రెండు చివరలు, రింగులు) మధ్య దూరం. ఇలాంటి షెల్ తట్టుకునే ఒత్తిడి మందానికి దాదాపు 2.5 ఘాతంగా పెరుగుతుంది. సపోర్టుల మధ్య దూరం సగం చేస్తే ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే 10 మి.మీ. షెల్‌ను రెట్టింపు ఒత్తిడికి నిలబెట్టాలంటే పొడవునా 13 మి.మీ. దాటిన ప్లేటు కావాలి. లేదా మధ్యలో ఒక్క రింగు చాలు. అయితే ఆ రింగుకు తగినంత మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (ఆకారం, కొలతలను బట్టి వంగకుండా నిలిచే గుణం) లేకపోతే షెల్‌తో పాటు అదీ వంగిపోతుంది.

కెరీర్ మాటకొస్తే, ఉంది. రిఫైనరీలు, ఎరువులు, మందుల కర్మాగారాలకు స్టాటిక్ ఎక్విప్‌మెంట్ (వెసెల్స్ లాంటి కదలని పరికరాలు) డిజైనర్లు, ఫ్యాబ్రికేషన్ ఇంజనీర్లు, ఇన్‌స్పెక్టర్లు కావాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఉండవు, మొదటి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. అది దాచను. కానీ ఇక్కడ అనుభవం పాతబడదు.

ప్రెజర్ వెసెల్స్‌కు నియమాలు చెప్పే ఏఎస్‌ఎంఈ కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1 లో యూజీ-28 (బయటి ఒత్తిడికి షెల్ మందం), యూజీ-29 (స్టిఫెనర్ రింగులు) చదవండి. ఎల్/డీ (సపోర్టుల మధ్య దూరం/వ్యాసం), డీ/టీ (వ్యాసం/మందం) నుంచి ఫ్యాక్టర్ ఏ, దాన్నుంచి ఫ్యాక్టర్ బీ చార్టుల్లో చూసి ఒక్కసారైనా చేత్తో లెక్క కట్టండి. ఈ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ పీవీ ఎలైట్ తర్వాత నేర్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె తప్పో ఒప్పో పసిగట్టలేని కుర్రాళ్లను చాలామందిని చూశాను. వీలైతే ప్లేటు రోలింగ్ చేసే షాపులో ఒక రోజు గడపండి. షెల్ గుండ్రం తప్పితే ఆ లెక్కలన్నీ వృథా. అందుకే గరిష్ఠ, కనిష్ఠ వ్యాసాల తేడా 1 శాతం దాటకూడదని కోడ్ పట్టుబడుతుంది.

ఇప్పుడు రిపోర్టులో ఒక పేజీ చేర్చండి. అదే షెల్‌కు రింగు లేకుండా, ఒక రింగుతో, రెండు రింగులతో ఎంత బరువు, ఎంత వెల్డింగ్ అవుతుందో పక్కపక్కన రాయండి. ఇంటర్వ్యూకి ఆ పేజీ పట్టుకెళ్లండి.