తెరచాప చూసి తీరం చెప్పడం

చిరంజీవి మేనకోడలికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు. చిత్తూరులో అందరూ కులాసా అని తలుస్తాను. నువ్వు పంపిన ఫోటో చూశాను. నీలి నీళ్లు, కొబ్బరిచెట్లు, తెల్ల తెరచాప కనబడగానే అది గోవాలో తీసిన ఫోటో అని రాసేశావు. ఆ మూడూ శ్రీకాకుళంలోనూ దొరుకుతాయి, కేరళలోనూ దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టు తల్లీ.

నేనైతే ముందు పడవ ఆకారం చూస్తాను. ఒడ్డు ఎలాంటిదో పడవా అలాంటిదే పుడుతుంది. మన తూర్పు తీరంలో చాలా దూరం సహజమైన రేవులు లేవు, అలలు నేరుగా ఇసుక మీదే విరుగుతాయి. అందుకే దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప ఇక్కడ నిలిచింది. పైకి వచ్చిన నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోతాయి కనుక అది మునగదు. పాత మద్రాసు ఫోటోలలో మసూలా పడవ కనిపిస్తుంది. దాని పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. అల గుద్దినప్పుడు విరగకుండా కాస్త వంగుతుంది. ఆ పనితనం తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

గుజరాత్ సంగతి వేరు. మాండవిలో నది ఒడ్డున పెద్ద చెక్క ఓడలు కడతారు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో తేడా 10 మీటర్లు దాటే చోట్లున్నాయి. మన నెల్లూరు, చెన్నై వైపు అది మీటరుకు అటూ ఇటూ. ఓడ బురదలో కూర్చుని, రేవు గోడ మీద తడి గీత మనిషికి అందనంత ఎత్తున ఉంటే ఇక మన తీరంలో వెతకకు.

చేపల పడవ అయితే దాని పక్కన రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంటుంది. ఐఎన్‌డీ తర్వాత ఏపీ, టీఎన్, కేఎల్ అని రాష్ట్రం అక్షరాలు వస్తాయి. ఫోటోను పెద్దది చేసి చూడు. అక్షరాలు తిరగబడి ఉంటే ఎవరో ఫోటోనే తిప్పేశారని అర్థం, అప్పుడు నీ కుడి ఎడమల లెక్కంతా మార్చుకోవాలి.

సూర్యుడి దగ్గర నేను ఒకసారి మోసపోయాను. ఒక ఫోటోలో నీళ్ల అంచున ఎర్రని సూర్యుడు కనబడితే అస్తమయమని, కాబట్టి పడమటి తీరమని స్నేహితుడికి గట్టిగా చెప్పాను. అది మనకు దగ్గరి దుగరాజపట్నం ఒడ్డున సూర్యోదయ వేళ తీసినది. తెరచాప చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సముద్రం నుంచి నేల మీదికి. చాప సముద్రం వైపు ఉబ్బి, సూర్యుడూ ఆ వైపే కిందుగా ఉంటే అది ఉదయం, కనుక తూర్పు తీరం. చాప ఒడ్డు వైపు ఉబ్బి, సూర్యుడు నీళ్ల మీద కిందుగా ఉంటే సాయంత్రం, పడమటి తీరం. రుతుపవనాలు బలంగా ఉన్న నెలల్లో ఈ లెక్కను నమ్మకు. కన్యాకుమారి లాంటి కొసల్లోనూ అంతే.

రాతి అడ్డుగోడ కనబడితే ఇసుక ఏ పక్క పేరుకుందో చూడు. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా ఉత్తరానికి కదులుతుంది, అందుకని గోడకు దక్షిణాన మేట వేస్తుంది. చెన్నై ఓడరేవు కట్టాక మెరీనా వెడల్పయిందీ, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోతకు గురైందీ అలాగే.

ఇక నీ ఫోటో. అది పందేలకు వాడే పడవ, ఏ ఊరికైనా లారీలో తీసుకెళ్తారు, కాబట్టి దాని ఆకారం మనకు పనికిరాదు. కొబ్బరిచెట్ల నీడలు పొడుగ్గా నేల వైపు పడ్డాయి, చాప సముద్రం వైపు ఉబ్బింది. అంటే ఉదయం, తూర్పు తీరం. సముద్రం ఎడమ పక్కన ఉంది కాబట్టి ఫోటో తీసినవారు దక్షిణానికి తిరిగి నిలబడ్డారు. ఎదురుగా ఒక కొండ ముక్కులా నీళ్లలోకి పొడుచుకొచ్చింది, దాని మీద లైట్‌హౌస్ లాంటిది సన్నగా కనిపిస్తోంది. నేను విశాఖపట్నం, డాల్ఫిన్స్ నోస్ అంటాను. ఉపగ్రహ పటంలో రామకృష్ణా బీచ్ వైపు నుంచి ఆ కొండ వంపును సరిపోల్చి చూడు. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే రాయి.

ఇట్లు,
మీ మామయ్య