కత్తెర దూరంగా పెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కావలి ఇంటి మేడగదిలో పాత హాస్యపత్రికలతో చిన్న పఠనమందిరం పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఎంత గర్వపడ్డానో, ఆ గది పడమటి గోడకు వానాకాలంలో చెమ్మ ఊరుతుందన్న సంగతి గుర్తొచ్చి అంతకు రెట్టింపు కంగారుపడ్డాను. బీరువాలను గోడకు జానెడు ఎడంగా పెట్టించు. తుప్పుపట్టిన పిన్నులు తీయించి నూలుదారంతో కుట్టించు. చిరిగినచోట సెల్లోటేపు అంటించకు. ఇవన్నీ బైండరు కూడా చెబుతాడు.

అతడు చెప్పనిది ఒకటుంది. మంచి కార్టూన్లు కత్తిరించి ఆల్బమ్ చేస్తానని అమ్మతో అన్నావట. ఎవరు నేర్పారమ్మా నీకీ బుద్ధి? ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నెల్లూరులో నేను చదువుకునే రోజుల్లో నలుగురు స్నేహితులం తలాకొంత వేసుకుని ఢిల్లీ నుంచి వచ్చే శంకర్స్ వీక్లీ కొనేవాళ్లం. 1948లో నెహ్రూ చేతుల మీదుగా మొదలై, ఆ నెహ్రూను సైతం వదలకుండా నవ్వించిన పత్రిక అది; అత్యవసర పరిస్థితి వచ్చిన రెండు నెలలకే, 1975 ఆగస్టులో మూతపడింది. చివరి సంచికను దాచే వంతు నాది. నేను బొమ్మలను మాత్రం బ్లేడుతో కోసి, మైదా జిగురుతో లెక్కల నోటుపుస్తకంలో అంటించి, మిగిలిన కాగితాలను ట్రంకు రోడ్డులో ఒక దుకాణానికి తూకానికి వేశాను. పాఠకులకు సంపాదకుడు చెప్పిన వీడ్కోలు మాట ఆ కాగితాల్లోనే ఉంది. రెండు రోజుల తర్వాత స్నేహితుడొకడు మరమరాల పొట్లం విప్పి, నూనె మరకపడిన ఆ పేజీ ముక్కను నా ముందు పరిచాడు. ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పదేళ్లకు నోటుపుస్తకం తెరిస్తే ఏ బొమ్మకూ తేదీ లేదు, కొన్నింటికి పత్రిక పేరూ లేదు. నిచ్చెన ఎక్కుతున్న ఆ టోపీ మనిషి ఎవరని మా అబ్బాయి అడిగితే చెప్పలేకపోయాను. ఏ వారం ఏ మంత్రి ఏమన్నాడో చెప్పే పక్క పేజీని నేనే అమ్ముకున్నాను కదా; వ్యంగ్యచిత్రం కాస్తా పొడుపుకథ అయిపోయింది. పైగా జిగురులో మైలుతుత్తం కలపాలని తెలియక, అంటించిన మేరకల్లా పురుగులకు విందుచేశాను.

మీ అమ్మమ్మ చదివింది నాలుగో తరగతే. 1956 ప్రాంతంలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో బుడుగు వస్తున్నప్పుడు, తలనూనె ప్రకటనలతో సహా సంచికలన్నీ తానే కుట్టి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. బాపు బొమ్మ చూసి నవ్వుతూ పప్పు మాడ్చిన రోజులున్నాయి గానీ, ఒక్క పేజీ కోసిన రోజు లేదు.

మన జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి గారు నడిపిన హాస్యపత్రిక ‘హాసం’ 2001లో మొదలై 2004లో ఆగిపోయింది. నా దగ్గరున్న సంచికలు నీకే ఇస్తాను. ఎవరికీ ఇంటికి అరువివ్వకు, నాకు కూడా.

దసరాకు వచ్చి ఆ గోడ సంగతి దగ్గరుండి చూస్తాను. నోటుపుస్తకమూ తెస్తాను తల్లీ; దానిని మాత్రం మేడెక్కించకు, ఇంకా పురుగులున్నాయి.

మామయ్య