ఆ తిరుగుడుకు కంపెనీ కారే తీసుకోండి

హనుమకొండలో ఉంటూ ములుగు, భూపాలపల్లి వైపు నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతానన్నారు. పెట్రోలుతో సహా కంపెనీ కారా, నెలకు 20,000 రూపాయల భత్యమా అన్నది మీ ప్రశ్న. నా మాటగా చెబుతున్నాను, కారే తీసుకోండి.

బిల్లులతో పని లేకుండా ఇచ్చే భత్యం జీతంతో సమానం. మీరు చెప్పిన 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 6,240 పన్నుకు పోతే చేతికి వచ్చేది 13,760. లీటరుకు పదిహేను కిలోమీటర్లు లెక్కేసినా 133 లీటర్ల పెట్రోలు కావాలి. డబ్బు అక్కడికే చాలదు. ఇక సొంత కారు వాయిదా, బీమా ఎక్కడినుంచి తెస్తారు?

అదే 1.6 లీటర్ల లోపు ఇంజను ఉన్న కంపెనీ కారును ఆఫీసు పనికి, సొంతానికి కలిపి వాడితే, 2025-26 వరకు ఉన్న నిబంధనల ప్రకారం పన్ను లెక్కలో నెలకు 1,800 రూపాయలే మీ ఆదాయానికి కలిసేవి. ఈ ఏడాది అంకె ఎంతో జీతాల విభాగాన్ని అడగండి.

నేను భత్యం తీసుకుని బాధపడ్డవాణ్ణి. బొగ్గు లారీల వెనుక ఆ గుంతల్లో తిరిగి రెండేళ్లకే నాలుగు టైర్లు, క్లచ్ ప్లేటు మార్చాను.

ఒక్కటి మాత్రం కాగితం మీద రాయించుకోండి: ప్రమాదం జరిగితే బీమాకు పోను మిగిలిన ఖర్చు ఎవరిది?